పడవ ఎక్కని బూట్లు

"మేస్త్రీ గారూ, మీకు కాళ్లు ఎన్ని?"

కరుణాకుమారి నన్ను అడిగిన మొదటి మాట అదే. రేవులో ఫస్ట్ ఎయిడ్ గదికి నర్సుగా నెల్లూరు నుంచి వచ్చి అప్పటికి రెండు గంటలైనా కాలేదు.

"రెండే ఉండాయి. ఏమండీ?"

"మూడోది ఇంట్లో దాచుకున్నారేమో, అందుకే ఇంత ధైర్యం అనుకున్నా."

నేను ఉత్త కాళ్లతో ఇనపరాయి గుట్ట మీద నిలబడి ఉన్నాను. వెనక నా గ్యాంగులో ముప్పై మందీ కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. కోపం రావాల్సింది పోయి, ఆ పిల్ల ఎడమ బుగ్గ మీది సొట్ట దగ్గర నా చూపు ఇరుక్కుపోయింది. ఈ జీవానందం మేస్త్రీ పని అయిపోయిందని ఆ పూటే రేవంతా తెలిసిపోయింది.

ఇది అరవై నాలుగు నాటి సంగతి. ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవి. ఇనపరాయిని తట్టలతో పడవల్లోకి ఎత్తి, ఓడ దాకా చేర్చడం మా పని. రాయి జారి కాళ్ల మీద పడటం మామూలే. వేలు చితికితే పసుపు అద్దుకుని మళ్లీ తట్ట ఎత్తేవాళ్లం.

కరుణ వచ్చాక అది మామూలు కాకుండా పోయింది. పోర్టు ఆఫీసు వాళ్ల ప్రాణం తోడేసి, ముందు భాగంలో ఇనపరేకు వేసిన బూట్లు అందరికీ తెప్పించింది.

"దెబ్బలన్నీ పడవలోనే తగులుతున్నాయి. బూట్లు లేకుండా ఒక్కరు కూడా పడవ ఎక్కకూడదు. బాధ్యత మీది," అంది.

"మీరు చెప్పడమూ, మేం చెయ్యకపోవడమూనా!" అన్నాను. నోరు నాది కదా, ఊరుకోదు.

మా రేవులో కాళ్లకేమీ లేకుండానే పడవ ఎక్కుతారు. పడవంటే తల్లి. చర్చికి పోయేవాణ్ని నేను కూడా చెప్పులు గట్టు మీదే వదులుతాను. బూట్ల మాట ఎత్తగానే పడవల పెద్ద హజరత్తయ్య రెండు చేతులూ జోడించాడు.

"అబయా, గట్టు మీద ఏం తొడుక్కోమన్నా తొడుక్కుంటాం. నేల మీద తొక్కిందంతా తెచ్చి తల్లి మీద పెట్టమంటే మావల్ల కాదు."

ఆ మాట పోయి కరుణకి చెప్పాలి. నేను చెయ్యాల్సిందల్లా అంతే. కానీ ఆ సాయంత్రం వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు. బస్సు దాకా నడుస్తున్నాం. గొడుగు ఆమెది, తడవడం నాది.

"అందరూ వేసుకుంటున్నారా?"

"ఒక్కరు తప్పకుండా."

"పడవలో కూడా?"

"పడవలో కూడా."

"మీరు సామాన్యులు కాదు మేస్త్రీ గారూ!" అని గొడుగు కాస్త నా వైపు వంచింది. ఆ జానెడు చోటు కోసం అబద్ధమాడాను.

ఒక అబద్ధానికి పది అబద్ధాల కాపలా. ఆమె తెల్లచీర దూరంగా కనపడగానే నేను ఈల వేసేవాణ్ని. మావాళ్లు గట్టు మీదికి దూకి బూట్లలో కాళ్లు దూర్చేవాళ్లు. ఆమె మురిసిపోయి వెనక్కి వెళ్లగానే మళ్లీ మామూలే.

"ఏందన్నా, పెళ్లి నీకు, అవస్థ మాకా?" అని మా గ్యాంగులో పెంచలయ్య ఏడిపించేవాడు.

డిసెంబరు మొదట్లో, "క్రిస్మస్‌కి వచ్చి మా నాన్నని కలవండి," అని కరుణ తానుగా అడిగింది. ఆ వారం నేను నేల మీద నడిచిన గుర్తు లేదు.

మంగళవారం పొద్దున పడవలో తట్ట తిరగబడింది. మణుగు బరువు రాయి పెంచలయ్య ఉత్త కాలి మీద పడింది.

కరుణ పరిగెత్తుకొచ్చింది. కట్టు కడుతూ వాడి కాలు చూసింది. గట్టు మీద వరసగా విప్పి పెట్టిన బూట్లు చూసింది. నన్ను మాత్రం చూడలేదు. నెల్లూరు ఆస్పత్రిలో వాడికి మూడు వేళ్లు తీసేశారు.

నాలుగో రోజు ఆమె గది గుమ్మంలో నిలబడి ఉన్నదంతా కక్కేశాను. పడవ తల్లి సంగతి, ఈల సంగతి, అంతా.

"మీరంటే ఇష్టం కరుణా. మిమ్మల్ని చిన్నబుచ్చలేక..."

"నాకూ ఇష్టమే," అంది. కళ్ల నిండా నీళ్లు. "అందుకే గదా, మీ మాట నమ్మి ఒక్కసారి కూడా పడవలోకి తొంగి చూడలా."

తిన్నగా హజరత్తయ్య దగ్గరికి నడిచింది. నేను వెనకే పోయాను.

"తాతా, ఎట్టా చేస్తే నువ్వు ఒప్పుకుంటావు?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "నేల తొక్కని బూట్లయితే తప్పేముందమ్మా? కొత్తవి తెచ్చి, పసుపు బొట్టు పెట్టి పడవలోనే ఉంచుతాం. అందులోనే తొడిగి అందులోనే విప్పుతాం. తెడ్డు మాదిరే అవీ పడవ సామానే. మమ్మల్ని ఎవురూ అడగలేదే!"

ఒక్క ప్రశ్న! ఆమె ముఖం చిన్నబోకూడదని నేను చేరవెయ్యని ఒక్క మాట. నా మీద నాకు అసహ్యం వేసింది.

నెల తిరక్కుండా ప్రతి పడవలోనూ బూట్లు వచ్చాయి. జనవరిలో కరుణ బదిలీ అడిగి పుచ్చుకుంది. బస్సు దగ్గర బతిమాలాను.

"నాకు నచ్చే మాటే చెప్పే మనిషితో కాపురం ఎట్టా చేసేది?" అంది. "ఇంట్లో ఏది నిజమో రోజూ తొంగి చూసుకోవాల."

"నేను మారినాను కరుణా."

"తెలుసు. పెంచలయ్యకి మూడు వేళ్లు పోయినాక మారినారు."

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. తిట్టి పోయి ఉంటే ఎప్పటికైనా మరిచిపోయేవాణ్ని. నన్ను ఇష్టపడుతూనే వెళ్లిపోయింది.