బూడిదరంగు బుగ్గలు

లిఫ్ట్ మెకానిక్ విరిగిన కుడిచేతికి ఆ రోజుతో ఫిజియోథెరపీ ఆఖరు. చెయ్యి బాగైనందుకు ఏడుపు ముఖం పెట్టిన పేషెంట్ చరిత్రలో అతనొక్కడే. రేపట్నుంచి ఆ ఫిజియో అమ్మాయిని చూడ్డానికి సాకు లేదు మరి. రెండో చెయ్యి కూడా విరగ్గొట్టుకుందామనుకున్నాడు గానీ, ఓనర్ సెలవివ్వడు.

అందుకే ముందురోజు రాత్రే ఆమె బొమ్మ వేశాడు. గురువు లేడు, ఫోన్లో వీడియోలే బడి. ముందు చార్‌కోల్‌తో గీస్తే అచ్చు గుద్దినట్టు వచ్చింది. అక్కడితో ఆగితే లోకం సుఖంగా ఉండేది. బొగ్గు చెదరకుండా స్ప్రే కొట్టాలని చెప్పే వీడియోని స్కిప్ చేసిన మహానుభావుడు, నేరుగా ఆక్రిలిక్ రంగు పూశాడు. బొగ్గూ రంగూ కలిసి బుగ్గలు బూడిదైపోయాయి. హడలిపోయి కళ్ల దగ్గర బ్రష్ ఆపేశాడు.

అయినా న్యూస్‌పేపర్ చుట్టి క్లినిక్‌కి పట్టుకెళ్లాడు.

ఆమె విప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఆలోగా ఎక్కడో రెండు మూడు రాజ్యాలు కూలిపోయుంటాయి.

"ఇది నేనా, బూడిదగుమ్మడికాయా?"

"మీరే మేడమ్. కొంచెం... వర్షంలో తడిసిన మీరు."

"తడిస్తే మనుషులు ఈ రంగుకి తిరుగుతారా నాయనా?" అని నవ్వింది.

"థాంక్స్ చెబుదామని వేశాను మేడమ్. స్పూన్ కూడా పట్టని చెయ్యి ఇది. మీ పుణ్యమా అని బ్రష్ పట్టింది. పట్టాక మొదట మీ బొమ్మే వెయ్యాలనుకున్నా."

ఆమె నవ్వు ఆగింది. "మరి కళ్లకి రంగెయ్యలేదేం?"

"అక్కడికొచ్చేసరికి చెయ్యి వణికింది."

"వణుకా? ఇప్పుడా చెప్పడం! ఏదీ, చాపు."

చాపాడు. ఆమె తల వంచి వేళ్లు, మణికట్టు పరీక్షించింది. బండరాయిలా కదలకుండా ఉంది చెయ్యి.

"బాగానే ఉందే?" అని తలెత్తి అతని కళ్లలోకి చూసింది. చెయ్యి గాలిపటం తోకలా ఊగింది. తల దించింది, చెయ్యి ఆగింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఊగింది.

"ఓహో," అంది మెల్లగా. "దీనికి మా దగ్గర ఎక్సర్‌సైజ్ లేదే."

"తెలుసు మేడమ్. సారీ."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి హెయిర్ స్ప్రే తీసి, బొమ్మలోని బొగ్గు కళ్ల మీద స్స్‌మని కొట్టింది. "ఇక చెరగవు. ఏంటలా చూస్తావ్? వచ్చినప్పుడల్లా బొమ్మల గురించే వాగితే నేనూ వీడియోలు చూడనా? బుగ్గలు మాత్రం మళ్లీ వెయ్యి. ఆదివారం మా ఇంటికొచ్చి వెయ్యి."

"ఇంటికా? మీ అమ్మగారు ఎవరని అడిగితే?"

"ఎప్పుడో అడిగింది. 'రోజూ ఆ చెయ్యి కబుర్లే చెప్తావు, మిగతా మనిషిని ఎప్పుడు తీసుకొస్తావే?' అని."