ఈ వారం మొదటి స్థానం

కందిపప్పు కిలో ఎంతో సైమన్‌కి తెలియదు. గ్యాస్ బండ ఎప్పుడు బుక్ చేశారో, కరెంటు బిల్లు కట్టారో లేదో తెలియదు. కానీ ఎనభై మూడులో ఏ పాట ఎన్ని వారాలు రేడియోలో మొదటి స్థానంలో నిలిచిందో, దాన్ని కిందికి నెట్టిన పాట ఏదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్ అయినా, పొద్దున్నే క్యాంపస్‌లో నడిచేవాళ్ళందరికీ ఆయన పాటల సైమనే.

ఆ శనివారం తార్నాకలోని వాళ్ళ ఫ్లాట్‌ హాలు నిండా క్యాసెట్లు పరిచి ఉన్నాయి. కూతురు బ్లెస్సీ చదువుతున్న ఎమ్మే క్లాసువాళ్ళు సాయంత్రం ఎనభైల హిట్ పాటల మీద కార్యక్రమం పెట్టారు. మాట్లాడేది సైమనే. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఉప్మా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"డాడీ, దీని మీద ఏం రాయలేదేంటి?" బ్లెస్సీ ఒక క్యాసెట్ పైకెత్తి చూపింది.

సైమన్ ఉప్మా ప్లేటు కింద పెట్టేసి లేచాడు.

"అది పాడైపోయిందమ్మా. ఇలా ఇవ్వు."

"పాడైతే దాచడం దేనికి?"

దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టేశాడు. నలభై ఏళ్ళుగా దాన్ని పారేయడానికి చేతులు రాలేదు, వినడానికి ధైర్యం చాలలేదు.

ఇంతలో చెల్లెలు లిడియా లాలాపేట నుంచి వచ్చింది. అక్కడ స్కూల్లో టీచరు. అన్నయ్య స్టేజి ఎక్కుతున్నాడని సెలవు పెట్టి మరీ, టిఫిన్ డబ్బాలో రొయ్యల కూర పట్టుకొచ్చింది.

"అత్తా, ఆ రోజుల గురించి వాయిస్ మెసేజ్ పెట్టమంటే పెట్టలేదు. అందరూ పెట్టారు, నువ్వు తప్ప," అంది బ్లెస్సీ.

"రికార్డింగులు నాకు వద్దు తల్లీ. నా చెయ్యి పడితే ఉన్నది కూడా పోతుంది. మీ తాతయ్య అనేవాడుగా."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఇంట్లో అందరికీ అలవాటే. ఎనభై అయిదు మార్చిలో వాళ్ళమ్మ మరియమ్మ ఆస్పత్రిలో చనిపోయింది. పోయే ముందు పిల్లల కోసం ఒక పాట పాడి, ప్రార్థన చేస్తే, తండ్రి పౌలు ఇంట్లోని టేప్‌రికార్డర్ తీసుకెళ్ళి క్యాసెట్‌లో పట్టుకున్నాడు. ఆ జూలైలో దాని మీద ఏదో సినిమా పాట ఎక్కిపోయింది. తొమ్మిదేళ్ళ లిడియా బటన్లు నొక్కుతూ పాడుచేసిందని తేలింది. అప్పట్నుంచి ప్రతి మార్చిలో అమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తడం, లిడియా నవ్వి తలొంచుకోవడం ఆనవాయితీ అయిపోయింది. అసలేం జరిగిందో సైమన్ ఒక్కడికే తెలుసు.

ఆయన స్నానానికి వెళ్ళొచ్చేసరికి లిడియా క్యాసెట్లన్నీ పెట్టెలో వరసగా సర్దేసింది. కింద ఆటో హారన్ కొడుతుంటే ఆయన ఫ్రిజ్ వైపు చూడలేదు.

పన్నెండింటికి క్యాంపస్‌లోని సెమినార్ హాల్లో సౌండ్ చూసుకోవడం మొదలైంది. అటెండరు రాజన్న మాణికేశ్వర్ నగర్‌లోని తన ఇంటి నుంచి పాత క్యాసెట్ డెక్కు మోసుకొచ్చాడు. బ్లెస్సీ తప్ప విద్యార్థులంతా తిండికి పోయారు. సైమన్ స్టేజి మీద మైకు ముందు నిలబడి తన కాగితాలు చూసుకుంటున్నాడు.

"సార్, గీ క్యాసెట్ మీద పేరే లేదు. చెకింగ్‌కి దీన్నే ఏస్త, మంచివి కరాబ్ కావద్దు గద," అన్నాడు రాజన్న.

"ఎక్కడిదది?"

"ఫ్రిజ్ మీద మర్చిపోయావన్నయ్యా, నేనే పెట్టెలో పెట్టా," అంది లిడియా ముందు వరసలోంచి.

సైమన్ మెట్లు దిగేలోపు పాట మొదలైంది. తొమ్మిది వారాలు రెండో స్థానంలో వేలాడి చివరికి పైకెక్కిన యుగళగీతం. ఆ పాట కోసం పదిహేడేళ్ళ సైమన్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి, ఇంట్లో ఎవరూ దగ్గకూడదని ఆంక్ష పెట్టేవాడు.

"ఆపు రాజన్నా."

"ఉండనివ్వండి డాడీ, సౌండ్ సూపర్‌గా ఉంది," అంది బ్లెస్సీ.

తేలు కుట్టిన దొంగలా మైకు పక్కనే నిలబడిపోయాడు సైమన్. పాట అయిపోయింది. మీసాలు మొలుస్తున్న కుర్రాడి గొంతు, రేడియో వాళ్ళను అనుకరిస్తూ హాలంతా వినిపించింది.

"పంతొమ్మిది వందల ఎనభై అయిదు, జూలై పద్నాలుగు, ఆదివారం. ఈ వారం మొదటి స్థానం. రికార్డు చేసింది సైమన్, ఇంటర్ రెండో సంవత్సరం."

"డాడీ, మీ గొంతు!" బ్లెస్సీ చప్పట్లు కొట్టింది.

టక్కుమని ఒక శబ్దం. ఆ తర్వాత నీరసంగా ఒక ఆడమనిషి గొంతు.

"...సైమన్‌కి పాటలంటే ప్రాణం, వాళ్ళ నాన్న వాణ్ణి కసరకుండా చూడు. లిడియా పసిది. దానికేం తెలీదు. దాన్ని ఎవరూ ఒక్క మాట అనకుండా కాపాడు ప్రభువా. ఆమెన్."

తర్వాత ఉత్త గరగర. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి బ్లెస్సీకి.

లిడియా లేచి డెక్కు దగ్గరికి వెళ్ళింది. క్యాసెట్ తీయించి చేతిలోకి తీసుకుంది. అప్పట్లో ఒక క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు కాకూడదనుకుంటే దాని వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేసేవారు. విరిచినదాని మీద రికార్డు చేయాలంటే ఆ చిల్లులో కాగితం కూరాలి. పౌలు ముక్క విరిచిన చోట చిల్లులో మడతపెట్టిన కాగితం బిగించి ఉంది, మీద ఇంటర్ లెక్కల అంకెలు.

"ఈ కాగితం ఎవరు పెట్టారన్నయ్యా?"

సైమన్ తన చేతిలోని కాగితాలు మడతపెట్టాడు.

"తొమ్మిదేళ్ళ దాన్ని. ఇందులో కాగితం కూరాలని నాకు తెలుసా?"

"నేనే," అన్నాడు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. బ్లెస్సీ వెళ్ళి మైకు కట్టేసింది. తండ్రి ముఖం చూడకుండా వెనక్కొచ్చి నిలబడింది.

"ఆ రోజు ఖాళీ క్యాసెట్ లేదు. అమ్మ మాట అయిపోయాక చివర ఖాళీ ఉంది కదా, అందులో పట్టుకుందామనుకున్నా. టేపు ముందుకు జరపడానికి పెన్ను పెట్టి తిప్పా. ఎటు ఎంత తిప్పానో తెలీలేదు. నాన్న వేసి వినేసరికి మొదట్లోనే సినిమా పాట వచ్చింది. అక్కడే ఆపేసి బెల్టు తీశాడు. భయమేసింది."

"చెల్లి ఏదో నొక్కినట్టుంది నాన్నా, అన్నావు."

"అన్నాను."

"నేను కాదని ఎందుకు అనలేదో తెలుసా?" లిడియా గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననుకున్నాడు సైమన్. "ఆ ముందురోజు అమ్మ మాట విందామని నేనూ ఒక బటన్ నొక్కా. అది ఏ బటనో నలభై ఏళ్ళ నుంచి గుర్తు తెచ్చుకుంటున్నా. ఎర్రదా, పక్కదా అని."

"లిడియా..."

"నాన్న పోయే ముందు కాళ్ళు పట్టుకుని అడిగా. అమ్మ గొంతు పోగొట్టాను, క్షమించు నాన్నా అని. నువ్వు పక్కనే ఉన్నావు. చెంచాతో నీళ్ళు పడుతున్నావు."

నిజమే. చెంచా వణకలేదు కూడా. ఆ సంగతి గుర్తొచ్చి సైమన్‌కి సిగ్గేసింది. ఏ పాట ఏ వారం ఎన్నో స్థానమో పొల్లుపోకుండా చెప్పే మనిషి ఆ ఒక్క ఆదివారం గురించి మాత్రం నోరు విప్పలేదు. ఎదురుగా కూతురు నేల చూపులు చూస్తోంది. స్టేజి మీద కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు.

రాజన్న మంచినీళ్ళ సీసా ఆయన పక్కన పెట్టి, "నేను బయట ఉంట సార్," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి లిడియా వచ్చి ఎదురు కుర్చీ లాక్కుంది. బ్యాగులోంచి ఫోను తీసింది.

"బ్లెస్సీ, రికార్డింగుకి ఏది నొక్కాలి?"

"ఈ ఎర్రది, అత్తా."

వేలు దాని మీద ఒక్క క్షణం ఆగింది. నొక్కింది.

"చెప్పన్నయ్యా. పాటలకి చెప్పినట్టే చెప్పు. తేదీతో సహా."

సైమన్ కళ్ళు తుడుచుకున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"పంతొమ్మిది వందల ఎనభై అయిదు, జూలై పద్నాలుగు, ఆదివారం. అమ్మ క్యాసెట్ మీద పాట ఎక్కించింది సైమన్. చెల్లెలి మీద నెట్టింది సైమన్. లిడియా ఏ తప్పూ చేయలేదు." అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ అందుకున్నాడు. "నాన్నకి చెప్పాల్సింది. చెప్పలేదు. రికార్డు చేసింది లిడియా."

ఆమె ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వింది.

"వచ్చింది. అంతా వచ్చింది," అంది. అప్పుడు వచ్చాయి ఆమెకి కన్నీళ్ళు. "మార్చిలో కూడికలో ఇది అందరికీ వినిపిస్తా. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి."

"కూర్చుంటా."

"లేచి వెళ్ళిపోకూడదు."

"వెళ్ళను, చెల్లీ."

బ్లెస్సీ మెల్లగా వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

లిడియా కొంగుతో ముఖం తుడుచుకుని, క్యాసెట్ వీపున ఉన్న కాగితాన్ని గోటితో పీకి సైమన్ అరచేతిలో పెట్టింది. ఇక దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. తనే డెక్కు దగ్గరికి వెళ్ళి క్యాసెట్ పెట్టింది. ఎవరినీ అడక్కుండా బటన్ నొక్కింది. పాట, ఆ తర్వాత కుర్రాడి గొంతు పూర్తయ్యేదాకా ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు.

"...లిడియా పసిది. దానికేం తెలీదు," అంది మరియమ్మ.

ఆ కాగితాన్ని గుప్పిట్లో పట్టుకుని సైమన్ తల దించుకున్నాడు. ఈసారి లిడియా తల దించుకోలేదు.