అతికించిన మీసం

బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టడానికి ఇంకా కొంచెం టైముంది. సుంకులమ్మ వేళ్లకు సీతాకోకచిలుక మీసం పొడి అంటుకుని ఉంది.

చిలుక అద్దాల పెట్టెలో ఉంది. దానికి ఎడమ మీసం ఒక్కటే మిగిలింది.

"అద్దం పైపైన తుడువు. మూత మాత్రం తీయొద్దు" అని దావీదురాజు సార్ పొద్దున చెప్పాడు. లోపల చీమ కనిపిస్తే ఆమె మూత తీసింది. తుడిచే గుడ్డతో దాన్ని తోయబోతే మీసం విరిగింది. పట్టుకునేసరికి వేళ్ల మధ్య పొడి అయింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. ఆ మధ్యాహ్నమే బడి చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకు చూపించాలనే సార్ ఆ పెట్టె చేశాడు. జిల్లేడు చెట్టు మీది పురుగును తెచ్చి, రోజూ ఆకులు వేసి పెంచాడు. అది చిలుకై, చచ్చిపోయాక పెట్టెలో ఉంచాడు. పక్కన పురుగు బొమ్మ గీశాడు.

సుంకులమ్మది నేతగాళ్ల ఇల్లు. మగ్గం మీద పోగు తెగితే ఆమే అతుకుతుంది. "అతుకు కనపడినాదంటే అది అతుకే గాదు" అంటాడు వాళ్ల నాయన.

ఆమె పావడ అంచుకు ఇంటి నుంచి వచ్చిన నల్లపోగొకటి అంటుకుని ఉంది. గంజి పట్టిన పోగు, పుల్లలా నిలబడుతుంది. ఎడమ మీసం పక్కన పెట్టి కొలిచి తెంపింది. తుమ్మబంక చుక్క పెట్టి అతికించింది. దూరం నుంచి చూసింది. దగ్గర నుంచి చూసింది. నాయనకు కూడా దొరకదు అనుకుంది.

బెల్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెట్టెను టేబుల్ మీద పెట్టించి, సుంకులమ్మను పిలిచి పురుగు బొమ్మ చూపించాడు.

"ఈ పురుగుకు కాళ్లెన్ని?"

"పదహారు సార్. ముందర ఆరు నిజం కాళ్లు. చిలుకైనాక అవే ఉంటాయి. ఎనకాల పది మెత్తటి కాళ్లు. అవి ఆకును పట్టుకునేదానికి."

"భేష్. నువ్వు రా" అని పక్కనున్న చిన్న ఈరన్నను పిలిచాడు. "ఇది సీతాకోకచిలుకే, దీపం దగ్గరికొచ్చే రెక్కల పురుగు కాదు. ఎట్లా చెప్తావు?"

ఈరన్న ముక్కు అద్దానికి ఆనించి చూశాడు.

"చిలుకకైతే మీసం కొసన గుండు ఉంటాది సార్, అగ్గిపుల్ల తలకాయ మాదిరి. కానీ దీనికి ఒక మీసానికే ఉండాది. ఇంకోదానికి ల్యా."

"సగం చిలక, సగం దీపం పురుగప్పా!" అన్నారెవరో వెనక నుంచి. పిల్లలంతా నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

సార్ నిలబడిన చోటు నుంచే చూశాడు. రెండు మీసాలూ ఉన్నాయి.

"సరిగా చూడరా. రెండిటికీ ఉండాయి. నెల దినాలు సాకినోణ్ణి నేను."

"రెండోసారి చూసినా అంతే సార్. ఒకదానికే ఉండాది."

"ఎదురు చెప్తావా? పట్టు చెయ్యి."

ఈరన్న చెయ్యి చాపాడు. కళ్లు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి. సార్ బెత్తం తీశాడు.

సుంకులమ్మ వేలి కొసన బంక ఎండి చర్మం లాగుతోంది. ఆమె దాన్ని గోటితో గీకింది. అది పోలేదు.

బెత్తం పైకి లేచింది.

"కొట్టొద్దు సార్! ఈరన్న చెప్పింది నిజం. అది మీసం గాదు, మా ఇంటి పోగు. మూత తీసి నేనే ఇరగ్గొట్టినా. నేనే అతికించినా."

ఆమె మూత మీద చెయ్యి వేయబోయి ఆగింది.

"తీయొచ్చునా సార్?"

సార్ తల ఊపాడు. ఆమె మూత తీసి, పోగును గోటితో లాగి టేబుల్ మీద పెట్టింది. ఇన్‌స్పెక్టరు దాన్ని వెలుగుకు పట్టి చూశాడు.

సార్ బెత్తం కింద పెట్టాడు. ఇంకా చాచే ఉన్న ఈరన్న చేతిని పట్టుకుని, వేళ్లు మూశాడు.

"నేను దగ్గరికొచ్చి చూడల్సింది రా" అన్నాడు.

సుంకులమ్మ కాగితం ముక్క అడిగి తీసుకుంది. కలం సిరాలో ముంచి రాసింది: "కుడి మీసం లేదు. విరిచింది సుంకులమ్మ, అయిదో తరగతి." దాన్ని పెట్టె అంచున అతికించింది.

ఈరన్న వంగి చదివాడు. "ఎడమదాని గురించి రాయలేదే" అన్నాడు.

ఆమె మళ్లీ కలం ముంచింది.

"ఎడమ మీసం కొసన గుండు ఉంది. చూసింది చిన్న ఈరన్న."