తెరిచి ఉంచిన తూము

కాలువ మీద రెండు పడవలు గుద్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. మనిషి నడిచినంత వేగంతోనే వస్తాయి కాబట్టి, తగలబోతోందని తెలిశాక కూడా తీరిగ్గా ఒకరి మొహం ఒకరు చూసుకోవచ్చు. నెడ్, టామ్‌సిన్ అలాగే చూసుకున్నారు.

"కుడికి రండి," అంది టామ్‌సిన్, తన పడవ వెనక టీ కప్పు పట్టుకుని నిలబడి.

"వస్తూనే ఉన్నానండీ."

"చుక్కాని కుడికి తోస్తున్నారు. పడవ కుడికి రావాలంటే దాన్ని ఎడమకి తొయ్యాలి."

"అలా ఎందుకు?"

"ముందు తొయ్యండి. ఎందుకో తర్వాత చెప్తా."

ఆలస్యమైపోయింది. నెడ్ నడుపుతున్న వాళ్ళ విన్నీ అత్త పడవ 'పెటూనియా' నింపాదిగా వచ్చి టామ్‌సిన్ పడవకి తగిలింది. కప్పు కాలువలో పడింది. ఇంత జరిగినా నెడ్ క్షమాపణ అడగలేదు. "ఇప్పుడు చెప్తారా, ఎందుకో?" అన్నాడు. లోపల సాసేజ్‌లు వేయిస్తున్న విన్నీ అత్త నెత్తి కొట్టుకుంది.

ఏటా మే నెలలో ఒక శని, ఆదివారాల్లో మా పడవల సంఘం ష్రాప్‌షైర్ కాలువ మీద కలుస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే అరడజను పడవలు, వాటికి సరిపడా కబుర్లు. ఈసారి విన్నీ తన మేనల్లుణ్ణి తీసుకొచ్చింది. నెడ్ బర్మింగ్‌హామ్‌లో పియానోలు శ్రుతి చేస్తాడు. కనబడ్డదల్లా అడగడం అతని జబ్బు.

టామ్‌సిన్ పడవలోనే కాపురం. పడవల మీద పేర్లు, గులాబీలు రాసి బతుకుతుంది. పడవని ఒకచోట రెండు వారాలకు మించి కట్టెయ్యకూడదని కాలువ నియమం కాబట్టి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఆదివారం సాయంత్రానికి వేల్స్ వైపు బయలుదేరితే ఆకులు రాలేదాకా తిరిగి రాదు. రెండు తలుపుల మధ్య నీళ్ళు నింపి, వదిలి పడవని ఎక్కించి దించే లాకులు దాటించడంలో మా అందరికంటే ఆమెదే పైచెయ్యి. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆ రోజంతా నెడ్ గట్టున ఆమె పడవ పక్కనే నడుస్తూ ప్రశ్నలు కురిపించాడు. ఒంటరిగా లాకులు ఎలా దాటిస్తావు? తలుపు మూయడానికి ప్రతిసారీ వెనక్కి రావాలా? చలికాలం భయమెయ్యదా? మొదట ఒక్కో మాటలో జవాబు చెప్పింది. మధ్యాహ్నానికి తనే అతని ప్రశ్న కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. అది మేమందరం చూశాం.

సాయంత్రం పడవలన్నీ లాకుకి ఎగువన వరసగా కట్టేశాక, లాకు నడపడం నేర్పిస్తానని అతన్ని పిలిచింది. లాకు ఖాళీ చెయ్యడానికి ఇనప పిడితో కింది తూము ఎత్తారో లేదో, వాన దంచికొట్టింది.

"నువ్వు వంతెన కిందికి పద. తూము నేను దించుతా," అంది.

నెడ్ పరుగెత్తాడు. కిందకి చేరాక వెనక్కి తిరిగి, కోటు రెండు చేతులతో గొడుగులా ఎత్తిపట్టి, రమ్మని నవ్వాడు. పిడి చేత్తో పట్టుకునే టామ్‌సిన్ కూడా పరుగెత్తింది.

మర్నాడు పొద్దున విన్నీ అత్త మంచం మీంచి జారి గోడకి అతుక్కుపోయి నిద్రలేచింది. కాలువలో నీళ్ళు లేవు. పడవలన్నీ బురదలో ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. బాతులు వాటి మధ్య నడుచుకుంటూ వెళ్తున్నాయి. ఆ లాకు పై తలుపు ఎలాగూ కారుతుంది, కింది తూము కూడా తెరిచి ఉంటే తెల్లారేసరికి నీళ్ళేం మిగులుతాయి?

"ఎవరు చేశారీ పని?" అన్నాడు మా సంఘం పెద్ద బార్నబీ, ఒరిగిన పడవ మీద వంకరగా నిలబడి. అడగ్గానే అందరి కళ్ళూ చుక్కాని తప్పు తిప్పినవాడి వైపే తిరిగాయి.

"నేనేనండి," అన్నాడు నెడ్.

"ఇక నువ్వు పడవ ముట్టుకోకు బాబూ. మధ్యాహ్నం రైలుంది, విన్నీ నిన్ను స్టేషన్‌లో దింపుతుంది."

నెడ్ తలూపి సంచి సర్దుకోవడానికి వెళ్ళాడు. ఊరుకుంటే టామ్‌సిన్ పేరుకి మచ్చ రాదు, అతను మధ్యాహ్నం రైలెక్కుతాడు, ఈ కాలువ మీద మళ్ళీ కనబడడు. అతను సంచి భుజాన వేసుకుని గట్టు మీదికి వచ్చేదాకా ఆమె అలాగే నిలబడింది.

"తూము తెరిచింది ఇద్దరం. దించుతానని చెప్పి దించనిది నేను," అంది అందరికీ వినబడేలా.

బార్నబీ కాలువ ఎగువకి చెయ్యి చూపించి, "అయితే ఎగువనున్న ఇంకో లాకు నుంచి నీళ్ళు వదలండి. ఇద్దరూ వెళ్ళండి," అన్నాడు.

ఎగువ లాకు దగ్గర తూములు ఎత్తి, నీళ్ళు కిందికి పోతుంటే చూస్తూ కూర్చున్నారు.

"నా తప్పు నీ మీదెందుకు వేసుకున్నావ్?" అంది టామ్‌సిన్.

"నాకిక్కడ పోవడానికి పేరేముంది? నీకుంది."

"ఇన్ని అడిగావు. నేను తూము ఎందుకు మర్చిపోయానో మాత్రం అడగవేం?"

"జవాబు నేననుకున్నది కాకపోతే ఎలాగని భయం."

"ఆ కోటు ఎత్తుకుని అలా నవ్వితే ఎవరికి గుర్తుంటుంది నెడ్? నువ్వంటే ఇష్టం, అంతే."

నెడ్ చాలాసేపు ఏమీ అడగలేదు. కింద పడవలు ఒక్కొక్కటే బురద వదిలి, నిటారుగా లేచాయి. విన్నీ అత్త గట్టు వెంట వాళ్ళ దగ్గరికి వస్తూ కేకేసింది. "ఒరే, రైలు వేళయింది, వస్తావా రావా?"

"పియానోలు వచ్చే వారం దాకా ఆగుతాయి అత్తా. బట్టలు ఇంకో జత పంపించు."

"ఆ మాట కోసమే పొద్దుట్నుంచీ చూస్తున్నా," అంది విన్నీ అత్త. నిన్నటి కప్పుకి బదులుగా తన మంచి కప్పు ఒకటి టామ్‌సిన్ చేతిలో పెట్టింది.

సాయంత్రం టామ్‌సిన్ తన పడవని లాకులోంచి బయటికి నడిపింది. ఎప్పుడూ అక్కడ ఆగి, దిగి, తలుపు మూయడానికి వెనక్కి నడిచేది. ఈసారి ఆగలేదు.

నెడ్ తలుపు మూశాడు. తూములు దిగాయో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత గట్టు వెంట ఆమె పడవ వైపు పరుగెత్తాడు.