ఇరవై రెండో పేజీ

"వీడెవడో మళ్ళీ నాకంటే ముందే చదివేశాడు," అన్నాడు ఫెర్మిన్.

పాల కాఫీలో రొట్టె ముంచుతున్న చెయ్యి ఆగింది. రెండో చేతిలో నవల ఉంది. ఇరవై రెండో పేజీ తెరిచి భార్య ముందు పెట్టాడు. పేజీ అడుగున పెన్సిలుతో గీసిన సున్నా, అందులో చుక్క.

"చూడు ఎంగ్రాసియా. వారంలో ఇది మూడోది. నేనేది తెచ్చినా ఈ సున్నాలో చుక్కవాడు ముందే చదివేసి ఉంటున్నాడు."

"పనీపాటా లేనివాడై ఉంటాడు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి."

"నియెవెస్, నువ్వైనా ఆ పాత్రోకి చెప్పవే. వాడు ముట్టుకోనివి ఇమ్మను."

"చెప్తాను నాన్నా," అంది కూతురు. ఆమె ఇల్లు రెండు వీధుల అవతల. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళే ముందు రోజూ వచ్చి తండ్రికి గడ్డం గీసి వెళ్తుంది.

సరగోసాలో ఆ పేటవాళ్ళందరూ పాత్రో కొట్టులోనే నవలలు మార్చుకుంటారు. చదివిన నవల, ఐదు పెసెటాలు ఇస్తే ఇంకో నవల. అట్టలన్నీ ఒకటే తీరు: గుర్రం, తుపాకీ, ఎర్రటి దుమ్ము. ఏది చదివారో ఏది చదవలేదో అట్ట చూసి చెప్పలేరు. అందుకే ఎవరికి వారు ఒక పేజీ ఎంచుకుని గుర్తు పెట్టుకుంటారు. ఒకరిది శిలువ, ఒకరిది చేప. ఇరవై రెండో పేజీలో సున్నా, సున్నాలో చుక్క ఫెర్మిన్ గుర్తు. ముప్పై ఏళ్ళుగా అతనిదే.

అట్ట మీద ఉన్న బర్ట్ హార్లన్ అనే పేరు కూడా అతనిదే.

అంతర్యుద్ధానికి ముందు ఫెర్మిన్ బడిపంతులు. పంతొమ్మిది వందల నలభైలో, గెలిచిన పక్షపు అధికారులు ముగ్గురు అతన్ని పిలిపించి, బల్ల మీద కాగితాలు పరిచి, ఇవి నువ్వే రాశావా అని అడిగారు. తర్వాత ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళకు బార్సెలోనా ప్రచురణకర్త ఒకడికి అమెరికా నవలలు కావలసి వచ్చాయి. వారానికొకటి, తొంభై ఆరు పేజీలు, అట్ట మీద అమెరికన్ పేరు. ఫెర్మిన్ ఏనాడూ సముద్రం దాటలేదు. ఎనిమిది వందల పన్నెండు నవలలు రాశాడు. బ్యారకుల్లో సిపాయిలు చదివారు, రైళ్ళలో చదివారు, గనుల్లో చదివారు. పత్రికల్లో వాటి గురించి ఒక్క ముక్క రాలేదు. ఎవరడిగినా తెలియదని చెప్పాలన్నది ఆ ఇంటి కట్టుబాటు.

నియెవెస్‌కి పన్నెండేళ్ళప్పుడు బడిలో ఒక కాగితం ఇచ్చారు. తండ్రి వృత్తి అన్నచోట 'గుమాస్తా' అని రాసింది. కట్టుబాటు కోసం కాదు, సిగ్గుపడి. ఫెర్మిన్ అది చదివి, "బాగా రాశావు" అని కింద సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆమె సాహిత్యం చదివింది, సాహిత్యం పాఠాలు చెప్పింది. ఒకసారి తరగతిలో ఒకడి చేతిలో బర్ట్ హార్లన్ నవల ఉంటే లాక్కుని సొరుగులో పడేసింది.

ఇప్పుడు తండ్రికి మతిమరుపు ముదురుతోందని డాక్టరు చెప్పాడు. ప్రచురణ సంస్థ ఆ వేసవిలోనే మూతపడింది. నియెవెస్ పేట గ్రంథాలయం చుట్టూ నెల రోజులు తిరిగి, రచయితగా తండ్రికి శనివారం సన్మానం చేసేందుకు వాళ్ళని ఒప్పించింది. గ్రంథాలయాధికారి ఒకటే షరతు పెట్టాడు. "ఆయన నోటితో ఆయన ఒప్పుకోవాలమ్మా. లేకపోతే మేం ఎవరికి సన్మానం చేసినట్టు?"

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పాత ఒప్పంద పత్రాలు తెచ్చి బల్ల మీద పరిచింది.

"నాన్నా, ఈ సంతకం ఎవరిది?"

ఫెర్మిన్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాదిలాగే ఉంది."

"మీదే. ఇదీ మీదే, ఇదీ మీదే. ఆ హార్లన్ నవలలన్నీ మీరే రాశారు. ఒక్కసారి అనండి నాన్నా, నేనే రాశానని. నాకు ఇంకేం వద్దు."

అతను కాగితాల వంక చూశాడు. లేచి నిలబడ్డాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"లేదండీ. నేనేమీ రాయలేదు. మీకెవరో తప్పు చెప్పి ఉంటారు."

"నాన్నా, నేను. నియెవెస్‌ని."

"మా అమ్మాయి పేరూ అదేనండీ. పన్నెండేళ్ళు దానికి. కావాలంటే బడిలో కనుక్కోండి. మా నాన్న గుమాస్తా అని కాగితం మీద రాసిచ్చింది. అది అబద్ధం చెప్పే పిల్ల కాదండీ."

వంటింట్లోంచి ఎంగ్రాసియా తడి చేతులతోనే వచ్చింది. కాగితాలన్నీ ఒక్క ఊపులో ఎత్తి సొరుగులో కుక్కింది.

"ఏం లేదండీ. వాళ్ళు వెళ్ళిపోయారు. కూర్చోండి." అతన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి కూతురి వైపు తిరిగింది. "బుద్ధుందా నీకు? ఆ ముగ్గురూ ఇలాగే కాగితాలు పరిచి అడిగారే!"

"ఆయనకి పేరు రావాలనే కదమ్మా!"

"ఆయనకా, నీకా? అడగాల్సిన రోజుల్లో నీకు సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు అడుగుతుంటే నువ్వెవరో ఆయనకి తెలీడం లేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు? అలా చూస్తూ ఊరుకోనా?"

"చెయ్యడానికి ఏముందని? నేనేం చేస్తున్నాను? చదివిందే చదువుతుంటే కాఫీ ఇస్తున్నాను." ఎంగ్రాసియా చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. "ఇంతకీ ఆ ఎనిమిది వందల్లో నువ్వు ఎన్ని చదివావు?"

నియెవెస్ సొరుగులోంచి బయటికొచ్చిన కాగితం అంచును లోపలికి తోసింది.

"ఒక్కటి?"

"లేదు."

ఆమె హాల్లోకి వెళ్ళి గ్రంథాలయానికి ఫోన్ చేసింది. శనివారం వద్దని చెప్పింది. కారణం అడిగితే, "ఆయన ఒప్పుకోవడం లేదండీ," అంది.

తిరిగి వచ్చేసరికి ఫెర్మిన్ నవల మళ్ళీ పట్టుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడు.

"అక్షరాలు అలుక్కుపోతున్నాయండీ. కాస్త చదివి పెడతారా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. అరిజోనా, జూలై నెల. షెరీఫ్ ఒకడు ముగ్గురు దొంగల వెంట ఎడారిలో పోతుంటాడు. నీళ్ళు అయిపోతాయి, గుర్రం కూలబడుతుంది. చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగింది. మళ్ళీ చదివింది.

"'అప్పుడు మంచు పడింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో షెరీఫ్‌కి తెలియదు. టోపీ తీసి దాన్ని తల మీద పడనిచ్చాడు. కాసేపటికి ఆగిపోయింది. అతను లేచి నడిచాడు.'"

"జూలైలో, ఎడారిలో, మంచట!" ఫెర్మిన్ నవ్వాడు. "మతి లేదు వీడికి."

"అన్నింట్లోనూ పడుతుంది," అంది ఎంగ్రాసియా వంటింట్లోంచి. "తీసెయ్యమని ప్రచురణకర్త ఎన్ని ఉత్తరాలు రాశాడో! టెరుయెల్ గనుల్లో పనివాడొకడు కూడా రాశాడు, అయ్యా హార్లన్ గారూ, మీవి నలభై చదివాను, నలభైలోనూ మంచు పడింది, మీకు అమెరికా తెలుసా తెలీదా అని. అయినా విన్నారా ఈయన? నువ్వు పుట్టిన జనవరిలో పదకొండు రోజులు ఏకధాటిగా కురిసింది. అందుకే నీకు ఆ పేరు."

నియెవెస్ అంటే మంచు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆమెను అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

ఆమె వేలు ఆ వాక్యం మీదే ఉంది.

"ఎవరి కోసం నాన్నా, ఆ మంచు?"

"నాకేం తెలుసండీ? ఆ హార్లన్‌నే అడగాలి." ఆలోచించాడు. "చదివేవాళ్ళ కోసం మాత్రం కాదు. వాళ్ళకి గుర్రాలు చాలు."

ఆమె తల వంచుకుని ఏడ్చింది. ఫెర్మిన్ కంగారుపడి జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.

"ఊరుకోండమ్మా. షెరీఫ్ చావడు. ఈ నవలల్లో చావడు. చదవండి."

ఆమె చదివింది. షెరీఫ్ చావలేదు. ఆఖరి పేజీ అయ్యాక ఫెర్మిన్ చెవి వెనకనున్న పెన్సిలు తీసి ఆమెకిచ్చాడు.

"మీరూ చదివారుగా. గుర్తు పెట్టుకోండి. లేకపోతే మళ్ళీ ఇదే తెచ్చుకుంటారు."

ఇరవై రెండో పేజీ తీసింది. పొద్దున సున్నా ఒకటే ఉందనుకుంది. మడత దగ్గర ఇంకో నాలుగు ఉన్నాయి, అన్నింటిలోనూ చుక్క. వాటి పక్కన ఆరు గీతలతో ఒక మంచు రేకు గీసింది.

ఫెర్మిన్ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈ గుర్తు ఎప్పుడూ చూడలేదే. కొత్తగా చదువుతున్నారా?"

"అవునండీ. ఆలస్యమైంది."

"పర్వాలేదులెండి," అన్నాడు ఫెర్మిన్. "వీడు చాలా రాశాడు."