అమ్మమ్మ ఉక్కు కాళ్ళు

సైన్సు టీచర్ బల్ల మీదున్న గ్లాసును ముట్టుకుని, అది కాలుతున్నట్టు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఇది నిజంగా కాలిందనుకోండి. వేలిలోని నాడులు వెన్నుపాముకు కబురు పంపుతాయి. మెదడుకు తెలిసేలోపే వెన్నుపాము 'లాగెయ్' అంటుంది. ఆ ఆజ్ఞను కండరాలకు మోసుకెళ్ళేవీ నాడులే. 'అబ్బా, మంట' అనుకోవడం మాత్రం మెదడు పని. అది ఆ తర్వాత."

మూడో బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఎవరిదో టీచర్ చూడనక్కర్లేదు. డప్పుదే. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ ఇంట్లోనూ బళ్ళోనూ అందరూ డప్పు అనే పిలుస్తారు. తన గొప్ప తాను చెప్పుకోదు, అది ఒప్పుకోవాలి. అమ్మమ్మ గొప్ప మొదలుపెట్టిందంటే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు.

"టీచర్, మా అమ్మమ్మకి ఈ కబుర్లూ గట్రా అక్కర్లేదు. మొన్న చెప్పులోంచి అరికాల్లోకి మేకు దిగితే, దాంతోనే సైకిల్ షాపంతా తిరిగింది. నేల మీద రక్తం చూసి నేనే పీకాను. చీమ కుట్టినట్టు కూడా లేదంది. ఉక్కు కాళ్ళు టీచర్ మా అమ్మమ్మవి."

క్లాసంతా "ఓహో" అంది. డప్పు ముఖం వెలిగిపోయింది. మరి వెలగదా? అమ్మమ్మ సైకిళ్ళు బాగుచేస్తుంది. ఎంత మొండి సైకిలైనా ఆమె చెయ్యి పడితే బుద్ధిగా పరిగెడుతుంది. అలాంటి మనిషికి మనవరాలై పుట్టాక ఆ మాత్రం గర్వం ఉంటుంది.

టీచర్ మాత్రం నవ్వలేదు.

"అమ్మమ్మకి షుగర్ ఉందా?"

"ఉంది టీచర్. నేను పుట్టకముందు నుంచీ ఉందట. మాత్రలు వేసుకుంటుంది."

"మేకు దిగిన చోట ఇప్పుడెలా ఉంది?"

"ఏమో టీచర్. అమ్మకి చెప్పొద్దంది. చెప్తే షాపు మూయిస్తుందట."

టీచర్ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "షుగర్ చాలా ఏళ్ళుంటే కొందరికి పాదాల్లో నాడులు దెబ్బతింటాయమ్మా. గాయమైనా మెదడుకు కబురు అందదు. నొప్పి లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. పుండేమో లోలోపల ముదిరిపోతుంది. ఇవాళే అమ్మకి చెప్పు."

డప్పు తలూపింది. కబురు రాకపోవడాన్ని బలం అనుకుని వీధి వీధంతా చాటింది తనే.

బడి వదలగానే షాపుకు పరిగెత్తింది. అమ్మమ్మ ఒక చక్రాన్ని తిప్పుతూ ఎక్కడ వంకరుందో చూస్తోంది.

"అమ్మమ్మా, కాలు చూపించు."

"చూడ్డానికి నా కాళ్ళేమన్నా సినిమానా?"

"నీకు పరీక్ష పెడతాను. కళ్ళు మూసుకో. ఏ వేలు పట్టుకున్నానో చెప్పాలి."

"పరీక్షలంటే నీకు భయం గానీ నాకెందుకే?" అంటూ అమ్మమ్మ చెప్పులు విప్పి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

డప్పు కుడికాలి బొటనవేలు పట్టుకుంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. డప్పు ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"కానివ్వవే. అవతల సైకిలు కోసం వస్తారు. ఇంకా పట్టుకోవేం?"

డప్పుకు ఏడుపు తన్నుకొచ్చింది. "పట్టుకునే ఉన్నాను అమ్మమ్మా."

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. తన వేలినీ, దాన్ని పట్టుకున్న చిన్న చేతినీ చూసింది.

డప్పు పాదాన్ని మెల్లగా పైకెత్తింది. మేకు దిగిన చోట ఎర్రగా వాచి చీము పట్టింది.

"అమ్మకి ఫోన్ చేస్తున్నాను."

"చెప్పనని నాకు మాటిచ్చావు."

"ఇవ్వకూడని మాట ఇచ్చాను." డప్పు కళ్ళు తుడుచుకుంది. "బ్రేకు నొక్కినా పడకపోతే, ఆహా గొప్ప సైకిలు అని ఎవరికైనా ఇచ్చేస్తావా? తీగ తెగిందంటావు కదా. నీ కాలికీ అంతే."

అమ్మమ్మ లేచి షట్టర్ తనే దించింది.

ఆసుపత్రిలో డాక్టర్ పుండు శుభ్రం చేసి కట్టు కట్టాడు. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఎముక దాకా పోయేది. పాదం దక్కడమే కష్టమయ్యేది. ఎవరు కనిపెట్టారు?"

దారంతా అమ్మమ్మ మీద కోప్పడుతూ వచ్చిన అమ్మ, డప్పును ముందుకు లాగింది. "మా అమ్మాయేనండి."

"ముందు దాచింది కూడా నేనేనండి," అంది డప్పు తల వంచుకుని.

డాక్టర్ అమ్మమ్మకు జాగ్రత్తలు చెప్పాడు. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. మెత్తటి షూలే వేసుకోవాలి. వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడాలి.

"ఎన్నాళ్ళు బాబూ?"

"ఎప్పటికీ అమ్మా. ఇక మీ కాళ్ళకు వేరే ఎవరో కబురు చెప్పాలి."

పుండు మానింది. షట్టర్ మళ్ళీ లేచింది. ఒక సెలవు రోజు పొద్దున్నే ఒకాయన పంక్చరైన సైకిలును నడిపించుకుంటూ వచ్చి తొందరపెట్టాడు.

"కాస్త త్వరగా చూడండమ్మా, పనికి పోవాలి."

"ఆగు నాయనా. నా కాళ్ళకు ఇంకా కబురు రాలేదు," అంది అమ్మమ్మ స్టూలు మీద నుంచి కదలకుండా.

ఆయనకేమీ అర్థం కాలేదు. కింద కూర్చున్న డప్పు అమ్మమ్మ ఎడమ షూలో చెయ్యి పెట్టి వేళ్ళ దగ్గర నుంచి మడమ దాకా తడిమింది. బాగానే ఉంది. కుడి షూలో చెయ్యి పెట్టింది. మధ్యలో ఆగింది. బయటికి తీసి చూస్తే, బేరింగులోంచి జారిపడ్డ చిన్న ఉక్కు గుండు. మాట్లాడకుండా దాన్ని అమ్మమ్మ అరచేతిలో పెట్టింది.

అమ్మమ్మ దాన్ని ఆయన ముందుకు చాపింది.

"చూశావా? నా మనవరాలు."

డప్పు అది పట్టించుకోలేదు. ఇంకేమైనా మిగిలిందేమోనని అదే షూలో మళ్ళీ చెయ్యి పెట్టింది.