మెచో కాపలా నేర్చిన వేసవి

"ఇది కుక్కా, ఎలుగుబంటి పిల్లా?"

ఒకటే వాన. యాసెన్ నిలువునా తడిసిపోయాడు. అతని జాకెట్ లోపల కుక్కపిల్ల మాత్రం వెచ్చగా గుర్రు పెడుతోంది. గొర్రెల దొడ్డి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మాయి ముక్కు చివర ఒక వాన చుక్క వేలాడుతోంది. అదెప్పుడు రాలుతుందా అని చూస్తూ, చెప్పాల్సినవన్నీ మర్చిపోయాడు యాసెన్.

"కాపలా కుక్కండీ. పేరు మెచో. మా రాబందుల రక్షణ సంఘం తరఫున... ఫ్రీ!"

"ఊరికే ఇచ్చేవాళ్లంటే మా నాన్నకి భయం. ఏం కావాలి మీకు?"

"మీ అటక మీది విషం డబ్బా కిందికి దిగకుండా ఉంటే చాలు."

ఆ అమ్మాయి, రుమ్యానా, అటక వైపు ఒకసారి చూసింది. అర్దా నది కొండల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. తోడేలు గొర్రెని చంపితే, మిగిలిన మాంసానికి విషం పూసి వదిలేస్తారు. తోడేలు తిన్నా తినకపోయినా, తెల్ల రాబందు మాత్రం తప్పకుండా తింటుంది. ఎదురుగా ఉన్న కొండచరియ మీద ఒకప్పుడు బోలెడు జతలు. ఇప్పుడు ఒక్క జత. వసంతంలో కోకిలని వీపు మీద ఎక్కించుకుని వస్తుందని బామ్మలు దాన్ని 'కోకిల గుర్రం' అంటారు. ఆ ఒక్క జతా పోతే ఇక చెప్పుకోవడానికి కథే మిగులుతుంది.

"ఒక్కటే రూలు," అన్నాడు యాసెన్ గంభీరంగా. "ముద్దు చెయ్యకూడదు. గొర్రెల మధ్యే పెరగాలి. గొర్రెలే తనవాళ్లనుకోవాలి."

"ముందు ఆ జాకెట్లోంచి బయటికి తియ్యండి, మాస్టారూ!"

చుక్క రాలింది. యాసెన్ కూడా పడిపోయాడు!

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్లోవ్దివ్ పట్నం నుంచి అతని పాత వ్యాన్ రావడం మొదలైంది. కుక్కని చెక్ చెయ్యాలట! జేబులో సాసేజ్ ముక్కలు.

"కుక్కని చూడ్డానికొచ్చినవాడు మా అమ్మాయి చేసిన జున్ను రొట్టె, బానిత్సా, మూడు ముక్కలు తింటాడేంటి?" అని గొణిగేవాడు రుమ్యానా తండ్రి, స్టామెన్.

"కుక్క బాగుంది చిచో! చాలా బాగుంది!" అనేవాడు యాసెన్, రుమ్యానా వైపు చూస్తూ. చిచో అంటే బాబాయి; ఆ కొండల్లో పెద్దవాళ్లంతా అతనికి చిచోలే.

ఏప్రిల్‌లో రాబందులు తిరిగొచ్చాయి. ఉన్నది ఒక్క బైనాక్యులర్. చెంపకి చెంప ఆనించి చూస్తున్నారు ఇద్దరూ.

"ఊపిరి వదలకు, అద్దం మసకబారుతోంది," అంది రుమ్యానా.

"నువ్విలా పక్కనుంటే పీల్చడానికే అందడం లేదు."

అప్పుడే కింద నుంచి స్టామెన్ కేక. తోడేలు గొర్రెపిల్లని కరుచుకుపోయింది. పట్టపగలు! మరి మెచో? రోడ్డు మీద, యాసెన్ వ్యాన్ పక్కన, తోక ఊపుకుంటూ కూర్చుని ఉంది.

స్టామెన్ నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు.

"నాన్నా, దిగు!"

"మీ కుక్క వద్దు, మీ కబుర్లూ వద్దు. ఇదైతే పని చేస్తుంది."

"ఈ ఒక్క వేసవి ఆగు నాన్నా. తప్పు మెచోది కాదు." గిర్రున తిరిగింది రుమ్యానా. "ఇతనిది!"

"నాదా?"

"రూలు చెప్పిందెవరు? సాసేజ్ పెట్టిందెవరు? అది గొర్రెల కుక్క కాలేదు, నీ కుక్కయింది. ఇక రాకు యాసెన్. దానికి గొర్రెలే లోకం అయ్యేదాకా."

"పోనీ, ఫోన్?"

"నీ గొంతు వింటే గేటు దూకుతుంది."

స్టామెన్ గొణుక్కుంటూ ఉత్త చేతులతో అటక దిగాడు. యాసెన్ మొహం వేలాడేసుకుని వ్యాన్ ఎక్కాడు. ఆమె కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మెచో మర్చిపోవాలన్నాను. నేను మర్చిపోతానన్లేదు."

ప్లోవ్దివ్‌లో ఎండలు మండాయి. ఆదివారాలు సాగి సాగి చంపాయి. ఎప్పుడో ఒక మెసేజ్: 'ఇవాళ గొర్రెల మధ్యే పడుకుంది.' ఇంకోసారి: 'గూట్లో పిల్ల కనిపించింది! నీ స్వెటర్ కంటే మాసిన రంగు.' ఆగస్టు చివర: 'పిల్ల ఎగిరింది. తోడేలు మళ్లీ వచ్చింది, మెచో తరిమేసింది. ఇక రా.'

యాసెన్ గుట్ట ఎక్కేసరికి మంద అంతా మేస్తోంది. తల తిప్పితే ఎలుగంత మెచో! తోక ఒకసారి ఊపింది. అంతే. గొర్రెల్ని వదిలి ఒక్క అడుగు రాలేదు. అతను ఇంకాస్త దగ్గరికెళ్తే పళ్లు చూపించి గుర్రుమంది.

యాసెన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. "థాంక్స్ రా మెచో! థాంక్స్!"

"తిట్టించుకుని థాంక్స్ చెప్పేవాణ్ణి నిన్నే చూశా," అంటూ గొర్రెల మధ్య నుంచి వచ్చింది రుమ్యానా. "మరి నాకు?"

"నీకు థాంక్స్ సరిపోదు. రోజూ చెప్పినా సరిపోదు. అందుకని... రోజూ చెప్పడానికి ఇక్కడే ఉండిపోనా?"

ఆమె మొహం ఎర్రబడింది. "నన్నడిగితే ఏం లాభం? అడ్డంగా నిలబడ్డవాణ్ణి అడుగు."

మెచో కదల్లేదు. పైన కొండచరియ మీంచి మూడు రాబందులు గాల్లోకి లేచాయి. స్టామెన్ వాటినే చూస్తూ నింపాదిగా దిగి వచ్చాడు.

"ఆ విషం డబ్బా సర్కారోళ్లకి అప్పజెప్పేశానబ్బాయ్. ఇప్పుడు హాయిగా నిద్రపడుతోంది." వంగి, మెచో మెడ మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్ రా. మనవాడే."